అమ్మ కథలకు నాయన పేరు

పుదుచ్చేరి, గోరిమేడు.

చెంగమ్మ అనే నేను, వయసు డెబ్బై నాలుగు, కాలం చేసిన పెంచలయ్య భార్యను, ఐదేళ్ళుగా నా కూతురు కస్తూరి ఇంట్లో, అల్లుడు దేవరాజు, మనవరాలు హేమలతో కలిసి ఉంటూ, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పి రాయిస్తున్న ఉత్తరం ఇది. రాస్తున్నది మా మేడ మీద అద్దెకున్న నర్సు విజయ, గూడూరు పిల్ల. మాటలు నావి, అక్షరాలు ఆమెవి. ఆ సంగతి ముందే చెబుతున్నాను. ఎవరి మాటలు ఎవరివో చెప్పకపోవడం వల్లే ఇంత రాద్ధాంతం వచ్చింది కనుక.

చిరంజీవి తమ్ముడు మునిరత్నానికి అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు, మరదలు సుబ్బమ్మ, పిల్లలు, పడమటింటి పిన్నమ్మ అందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను. పిన్నమ్మ కాళ్ళ వాపు తగ్గిందా? నీ మోకాలికి నూనె రాస్తున్నావా? ఎర్రావు ఈనిందా? అడగవలసినవన్నీ అడిగాను. కోపం ఎంత ఉన్నా ముందు ఇవి అడగాలి. అడిగాను కనుక ఇక వినుకో.

ఇదంతా నీతో ఫోన్‌లోనే మాట్లాడేదాన్ని. మోగితే కదా! నా ఫోన్ నుండి చేస్తే మోగదు, కస్తూరి ఫోన్ నుండి చేస్తే మోగదు. హేమ చేతికిస్తే చూసి, "అవ్వా, తాత మనల్ని అందర్నీ బ్లాక్ చేసేసినాడు" అంది. అంటే తలుపు వేసుకుని లోపల కూర్చున్నావన్నమాట. కూర్చో. పోస్ట్‌మేన్‌ను బ్లాక్ చెయ్యలేవు కదా! ఈ ఉత్తరం రిజిస్టరు చేయిస్తున్నాను. సంతకం పెట్టి తీసుకుని చివరిదాకా చదువు.

మేం బాగానే ఉన్నాం, నా గురించి బెంగ వద్దు. ఇక్కడి ఎండ మన ఎండ కాదు. మన ఎండ కాలుస్తుంది, ఇది ఉడకబెడుతుంది. పొద్దున ఉతికిన చీర సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటుంది. దీపావళి తర్వాత పట్టిన వాన ఎప్పుడు వదిలిందో నాకు గుర్తు లేదు. కస్తూరి తెల్లవారగానే వైట్ టౌన్‌లో సముద్రం పక్కన గెస్ట్ హౌస్ వంటగదికి వెళ్ళిపోతుంది. అల్లుడు ఆసుపత్రిలో వార్డు డ్యూటీకి వెళ్తాడు. హేమ కాలాపేట యూనివర్సిటీకి బస్సెక్కుతుంది. ఇక ఇంట్లో నేనూ, గోడ మీద బల్లీ. వంట చేస్తాను, బట్టలు మడత పెడతాను, కూరగాయల బండి వాడితో నాకు వచ్చిన అరవంలో తగాదా పడతాను. తిండికి లోటు లేదు. కానీ వీళ్ళ సాంబారులో కారమేదీ? మన చెట్టు చింతపండు ఉంటే రెండు ముద్దలు పంపు. ఎండు మిరపకాయలు కూడా పంపు. కోపం కోపమే, చింతపండు చింతపండే.

నేను బాగానే ఉన్నాను. మళ్ళీ చెబుతున్నాను, బాగానే ఉన్నాను. కానీ మాట్లాడే మనిషి లేక నోరు ఎండిపోతుంది మునీ. ఈ ఇంటివాళ్ళు తెలుగువాళ్ళే. అల్లుడి ముత్తాత నాడే వచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు, సగానికి సగం అరవం కలిసినా. చదువు మాత్రం అంతా అరవంలో, ఇంగ్లీషులో. తెలుగు అక్షరం ముందు పెడితే నేనెంత తెల్లమొహం వేస్తానో వాళ్ళూ అంతే. ఈ మాట గుర్తుపెట్టుకో. జరిగిన తప్పంతా ఇందులోనే ఉంది.

హేమ బస్సులో పోతూ వస్తూ ఫోన్‌లో చదువుతుంటుంది. ఒకనాడు ఇంటికొచ్చాక కూడా తల ఎత్తకపోతే కసిరాను.

"ఏందే ఆ చూపు? ఫోన్‌లో ఎవుడున్నాడు?"

"ఎవుడూ లేడవ్వా. పుస్తకం."

"పుస్తకం యాడుంది? అట్టేది, కాగితమేది?"

"ఇదే అవ్వా, ఈ-బుక్. ఇది రాసినామె మన మాదిరి ఇంట్లో ఉండే ఆమె. వంట చేస్తా చేస్తా ఫోన్‌లోనే రాసింది, ఫోన్‌లోనే బుక్ చేసింది."

"అచ్చెవురు వేసినారు?"

"ఎవురూ వెయ్యలా. అదే గదా చెప్తా ఉండేది! మనమే టైప్ చేసి, మనమే అట్ట బొమ్మ పెట్టి, బటన్ నొక్కితే అప్పరం లోకమంతా చదువుకోవచ్చు. నీ కథలు పెడదామా అవ్వా?"

నీకు నిజం చెబుతున్నాను, ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు అన్నం రుచిగా అనిపించింది. అమ్మ కథలు నాతోనే మట్టిలో కలిసిపోతాయనుకున్నాను. మా వీధిలో పిల్లలకు చెబుదామంటే వాళ్ళకు నా తెలుగు రాదు, నాకు వాళ్ళ అరవం చాలదు.

హేమ ఫోన్ నా ముందు పీట మీద పెట్టింది. మనం మాట్లాడితే అదే తెలుగులో రాసుకుంటుందంట. మొదలుపెట్టాను. నాలుగు మాటలు చెప్పి ఆగాను. ఫోన్ ఊ కొట్టదు! మళ్ళీ చెప్పాను, మళ్ళీ ఆగాను. అది చలనం లేకుండా పడి ఉంది. అమ్మ చింతపండు కొట్టేటప్పుడు నేను ఊ కొట్టకపోతే కథ అక్కడే నిలబెట్టేసేది, నీకు తెలియదు. ఊ లేకుండా కథ ఎలా నడుస్తుంది?

"ఇది చెవిటిది. దీనికి నేను చెప్పను" అన్నాను.

"అయ్యో అవ్వా, అది వింటా ఉంది, నువ్వు సుమ్మా చెప్పు."

"వింటా ఉంటే పలకొద్దా?"

చివరకు కస్తూరి బీన్స్ తరుగుతూ పక్కన కూర్చుని ఊ కొట్టింది. అప్పుడు కథ కదిలింది. అలా సాయంత్రాలు కూర్చుని అమ్మ కథలు పన్నెండూ చెప్పాను. ఏ కథా వదలలేదు.

ఇప్పుడు ఆ ఫోన్ చేసిన పని చూడు. కథ మాత్రం రాసుకుని ఊరుకోలేదు. కస్తూరి ఊలన్నీ రాసింది. మధ్యలో పాలవాడు వస్తే వాడితో నా బేరం రాసింది. కుక్కర్ దించమని నేను అరిచింది రాసింది. ఇంకా, నా ఇంట్లో నా కూతురితో నేను చెప్పుకున్న మాటలు కూడా రాసింది. ఆ పిల్లకు తెలుగు చదవరాదు. వాళ్ళమ్మకు రాదు, కస్తూరిని మనూళ్ళో బడికి పంపలేదు కదా, సంతకం కూడా ఇక్కడికొచ్చాక అరవంలోనే నేర్చుకుంది. నాకు సరే సరి. హేమ ఆ పేజీలన్నీ పైకి తోస్తూ చూసి, "గుండ్రంగా ముత్యాల మాదిరి ఉండాయవ్వా అక్షరాలు, కండిప్పా, తప్పకుండా బాగుంటుంది" అని సంబరపడింది. పుస్తకాన్ని ఫోన్ చేత చదివిస్తే మొదటి పేజీ విన్నాం. ఎవరో ఊపిరి తీసుకోని ఆడమనిషి నా మాటలు చదువుతోంది. నా కళ్ళు నిండిపోయాయి. పొయ్యి మీద కూర ఉందని, చాలు ఆపెయ్యమన్నాను. మా ఇంట్లో ఎవరూ చదవలేని పుస్తకాన్ని, మేడ మీద విజయను అడగాలని కూడా తోచక, మేమే లోకం మీదికి వదిలాం. నవ్వుకో. నాకూ ఇప్పుడు నవ్వొస్తోంది, కోపంతో పాటు.

అట్ట మీద బొమ్మ కావాలంది. ఫోన్‌లో కథలు అని కొడితే ఏం వచ్చిందో తెలుసా? తలపాగా చుట్టుకున్న ముసలాయన, చుట్టూ పిల్లలు. "ముసలామె బొమ్మ లేదా?" అంటే, "ఇదే బాగుందవ్వా, ఫ్రీ" అంది. అదే పెట్టింది. రాసినవారి పేరు దగ్గర డి. హేమ అని పెట్టింది. అకౌంటు తన పేరు మీద ఉంది కనుక అలా పెట్టాలనుకుందంట. నాకు ఇవేవీ తెలియవు. అట్ట చూపిస్తే రంగులు చూసి బాగుందన్నాను.

ఇక నీ సంగతి. శ్రీరామనవమి పందిట్లో నువ్వు మైకు పట్టుకుని, ప్రతి ఏడూ చెప్పినట్టే, "మా నాయనగారు నాకు చెప్పిన కథ" అని ఎత్తుకున్నావు. మా పుస్తకాన్ని ఫోన్‌లోకి దించుకున్న తుంటరివాడెవడో కింద నుండి ఫోన్ ఎత్తి పట్టి అందులో ఒక పేజీ వినిపించాడు. ఆ పేజీలో నేను కస్తూరితో అంటున్నాను: "మా తమ్ముడు ఈటిని నాయన కథలని మైకులో చెప్పుకుంటాడే. మా నాయన నోట్లోంచి కథ రావడం నేను చూడలా. ఆయన నోట్లో పొగాకు తప్ప ఏముండేది?" పందిరంతా నవ్విందంట. నీ ముఖం ఎలా ఉండిందో పిన్నమ్మ చెప్పింది. ఆ రాత్రే నువ్వు ఫోన్ చేసి నన్ను కడిగేశావు. అదే నీ చివరి ఫోన్.

"నడి పందిట్లో నా పరువు తీసినావక్కా!"

"నేను నా కూతురితో అన్నా. నిన్ను పందిట్లోకి లాగలా."

"నాయన పేరు ఊళ్ళో నిలవాలని నేను ఇన్నేళ్ళు పాటుపడతా ఉంటే, పొగాకు అంటావా? సచ్చిపోయినాయన్ని అంటావా?"

"నమిలిండేది గదరా!"

"సుబ్బమ్మ చింతకాయ పచ్చడికి బూజు పడతాదని కూడా రాసినావంట! ఆమె ఏడస్తా ఉంది."

"పడతాదా, పడదా?"

అక్కడ నువ్వు ఫోన్ పెట్టేశావు.

పెట్టేసి ఊరుకుంటే నేనూ ఊరుకునేదాన్ని. నాలుగు నెలలకు కోపం చల్లారేది. కానీ నువ్వేం చేశావు? నీ కొడుకు చేత ఆ ఈ-బుక్ కంపెనీకి ఫిర్యాదు పెట్టించావు. ఈ కథలు మా తండ్రివి, ఆయన తర్వాత నావి, ఎవరో డి. హేమ దొంగిలించి పుస్తకం వేసుకుంది అని. సాక్ష్యం కింద ఏం పెట్టావు? ఆ అట్ట మీది ముసలాయన బొమ్మ! కథలు చెప్పింది మగవాడేనని వాళ్ళ అట్టే చెబుతోంది కదా అని రాయించావంట. మునిరత్నం, అది విన్నప్పుడు నా చేతిలో గరిటె ఉంది. నువ్వు ఎదురుగా లేవు, బతికిపోయావు.

కంపెనీ పుస్తకాన్ని మూసేసింది. ఎవరు తెరిచినా ఇప్పుడు కనబడదు. హేమ ఏడ్చింది. దొంగ అనే మాట తన పేరు పక్కన చూసి ఆ పిల్ల రెండు రోజులు యూనివర్సిటీకి పోలేదు. నీ అక్క మనవరాలు దొంగా? నీ చేతుల మీద పాలు తాగిన కస్తూరి కన్నబిడ్డ దొంగా? ఈ మాటకు నువ్వు నాకు జవాబు చెప్పాలి.

నేను కంపెనీతో మాట్లాడతానన్నాను.

"ఫోన్ కలుపు. వాడెవుడో నాతో మాట్లాడమను."

"మనిషి ఉండడవ్వా. మెయిలే."

"మనిషి లేకుండా కంపెనీ యాడుంటుంది?"

హేమ నేను చెప్పినట్టు ఇంగ్లీషులో రాసి పంపింది. జవాబు వచ్చింది. మళ్ళీ రాయించాను. ఒక్క అక్షరం తేడా లేకుండా అదే జవాబు మళ్ళీ వచ్చింది. ఫిర్యాదు చేసినవాళ్ళు తమంతట తాము వెనక్కి తీసుకుంటేనే పుస్తకం తెరుస్తారంట. ఇంక ఏమన్నా వినరంట. ఆ ఫోనూ అంతే, ఆ కంపెనీ అంతే, ఊ కొట్టరు. అందుకే నీకు రాస్తున్నాను. నువ్వు చేసిన పనిని నువ్వే విప్పాలి.

ఆ తర్వాత విజయను బతిమాలి పుస్తకమంతా పైకి చదివించుకున్నాను. హేమ తన ఫోన్‌లో దాచుకున్నది ఉంది. ఆ పిల్ల డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు చాపుకుని, నవ్వలేక చచ్చింది.

"పెద్దమ్మా, ఇక్కడ రాకుమారుడు అడవిలో పోతా ఉంటే 'అరలీటరు చాలు, నిన్న నీళ్ళు కలిపినావు' అని ఉండాది. ఉంచేదా, తీసేసేదా?"

"తీసెయ్."

"'అల్లుడు గురక పెడితే గోడలు అదురుతాయి'?"

"తీసెయ్ తీసెయ్! దేవరాజు ఇంట్లోనే ఉండాడు."

అలా ఒక్కో మాటా విని, కథ కానిదంతా తీయించాను. సుబ్బమ్మ పచ్చడి తీయించాను. అబద్ధమని కాదు. ఆమె ఎదురుగా లేనప్పుడు అన్న మాట లోకం వినకూడదు కనుక. నాయన పొగాకు కూడా తీయించాను. నాయన మంచివాడు. ఉప్పు బండి తోలినన్నాళ్ళూ ఎద్దు మీద కొరడా ఎత్తలేదు. ఆ సంగతి మైకులో చెప్పు, నేను కూడా వచ్చి చప్పట్లు కొడతాను. ఆయన పేరు నిలబెట్టడానికి ఆయన చేసింది చాలదా? అమ్మది లాక్కుని ఆయనకు కట్టబెట్టాలా?

నువ్వు మరిచిపోయావు కనుక చెబుతున్నాను. ఎండాకాలం మధ్యాహ్నాలు పంచలో చింతపండు కొట్టే పని ఉండేది. రెడ్డిగారింటి చింతపండు మనింటికి వచ్చేది. అమ్మ కొట్టేది, నేను గింజ తీసేదాన్ని. నేను పనిలో తూగకుండా ఉండాలని అమ్మ కథ ఎత్తుకునేది. నా ఊ ఆగితే కట్టె చివరతో నా మోకాలు తట్టేది. నువ్వు చిన్నవాడివి, అమ్మ కొంగు నోట్లో పెట్టుకుని పక్కన పడుకునేవాడివి. ప్రతి కథా సగానికి వచ్చేసరికి నిద్రపోయేవాడివి. ఒక్క కథ కూడా నువ్వు చివరిదాకా వినలేదు. అప్పుడు నాయన యాడున్నాడు? బండితో పాటు ఊరి బయట.

అందుకే మైకులో నీ కథలన్నీ సగం దాకా బాగుంటాయి. సగం తర్వాత ప్రతి కథలోనూ ఒక రాజు వస్తాడు. రాజు వచ్చి మెచ్చుకుంటాడు, మాన్యం ఇస్తాడు, నువ్వు నీతి చెబుతావు, జనం ఇంటికి పోతారు. అమ్మ కథల్లో రాజు మెచ్చుకోవడం ఒక్కదానిలోనైనా ఉందా? అమ్మకు రాజుతో పనేంది?

ఉప్పమ్ముకునే ఆమె కథ తీసుకో. నీకు ఇష్టమైనది అదే కదా. ఉప్పు గంప నెత్తిన పెట్టుకుని ఆమె పోతుంటే వాన ఎదురొస్తుంది. ఉప్పు కరిగితే అత్త ఊరుకోదు. "అమ్మా వానా, నా గంప ఇంట్లో దించిందాకా ఆగు, ఆ తర్వాత మా ఇంటికే రా, నీకు పీట వేస్తాను" అంటుంది. అంతవరకు వానను పొమ్మన్నవారే, రమ్మన్నవారే కానీ కూర్చోమన్నవారు లేరు. వాన ముసలామె రూపంలో వచ్చి ఆ ఇంట్లో పీట మీద కూర్చుంటుంది. ఇక్కడిదాకా నీకు తెలుసు. దీని తర్వాత నీ రాజు గుర్రమెక్కి వస్తాడు.

రాజు రాడు. అసలైనది ఇప్పుడు విను.

వాన ఇంట్లో కూర్చుంది కనుక బయట వాన లేదు. చేలు బీటలు వారాయి. ఊరంతా ఆమె గడపలోకి వచ్చి, నీ చుట్టాన్ని పంపించెయ్ అన్నారు. అత్త మాత్రం, వాన ఇంట్లో ఉంటే మన ఉప్పు కరగదు, ఉండనీ అంది. ఉప్పమ్ముకునే ఆమె ఎవరి మాటా వినలేదు. కూర్చోమని పిలిచిన నోటితో లేచి పొమ్మని ఎలా అంటుంది? అందుకని పీటతో సహా వానను ఎత్తి ఉప్పు గంపలాగా నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. నిలువెల్లా తడిసిపోతూ నడిచింది. వానను ఎక్కడ దించాలి? ఎవరి చేలో వాళ్ళు దించమన్నారు. తన చేలోనే దించుకుందామంటే ఆమెకు సొంత చేను లేదు. సెంటు భూమి లేదు. అందుకని ఎక్కడా దించకుండా అన్ని గట్ల మీదుగా నడిచింది. ఆమె నడిచినంత మేరా వాన కురిసింది. ఆమె ఇంకా దించలేదు, అందుకే వాన ఇంకా అన్ని చేలకూ వస్తోంది. అంతే. కథ అయిపోయింది.

ఇది చెప్పినప్పుడు అమ్మ కొట్టడం ఆపేసేది. గంప ఎత్తని మనిషికి ఈ ముగింపు తట్టదు మునీ. సెంటు భూమి లేని మనిషికే తడుతుంది. నాయనకు బండి ఉంది, ఎద్దులు ఉన్నాయి. అమ్మకు నెత్తి మీద గంప తప్ప ఏముంది? నువ్వు ఆ గంప మనిషికి రాజు చేత మాన్యం ఇప్పించి కథను చంపేశావు. ఆమెకు భూమి ఇచ్చేస్తే వాన అక్కడే దిగిపోతుంది కదరా! మిగతా ఊరికేం మిగులుతుంది? మైకు ముందు ఇన్నేళ్ళు ఆ మాట నీకు తోచలేదా?

నా కోపం నీ ఒక్కడి మీదే అనుకోవద్దు. హేమనూ కూర్చోబెట్టి అడిగాను.

"పుస్తకం మీద నీ పేరెందుకుంది?"

"అకౌంటు నాది గదవ్వా."

"చెప్పింది ఎవురు?"

"నువ్వు."

"నాకు చెప్పింది ఎవురు?"

నా తల్లి పేరు నా మనవరాలికి తెలియదు! నేను ఎప్పుడూ అమ్మ అనే అన్నాను, అమ్మ పేరు పలికే పని నాకు పడలేదు. నువ్వు తీసేసింది ఒక చోట, ఈ పిల్ల పెట్టకుండా వదిలేసింది ఇంకో చోట. ఇటు చూసినా, అటు చూసినా అమ్మ లేదు. అప్పటి నుండి నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఎవరితో మాట్లాడినా కసురుతున్నానంట, దేవరాజు నా ముందు కాఫీ గ్లాసు పెట్టి పారిపోతున్నాడు.

కనుక తేల్చి చెబుతున్నాను. ఈ ఉత్తరం అందగానే నీ కొడుకును కూర్చోబెట్టి ఆ ఫిర్యాదు తీయించు. అది ఫోన్‌లో అయ్యే పనే, రెండు నిమిషాలు పట్టదని హేమ చెబుతోంది. తీసేశాక ఆ పిల్లకు నువ్వే ఫోన్ చేసి, "నువ్వు దొంగవు కాదమ్మా" అని నీ నోటితో చెప్పు. అది నీ కొడుకు చెబితే చెల్లదు. తీయకపోతే వచ్చే నవమికి నేను బస్సెక్కుతాను. నేను తగాదా పెట్టుకోను, కంగారు పడకు. నీ ఎదురుగా మొదటి వరుసలో చాప వేసుకుని కూర్చుంటాను. నువ్వు కథ ఎత్తుకుంటే సగం దాకా ఊ కొడతాను. రాజు రాగానే ఆపేస్తాను. అంతకంటే ఏమీ చెయ్యను. ఊరు చూసుకుంటుంది.

నువ్వు కథలు చెప్పకూడదని నేను అనడం లేదు. చెప్పు. నీ గొంతు బాగుంటుంది, చిన్నప్పటి నుండీ బాగుంటుంది. మైకులో ఈ ఒక్క మాట అంటే చాలు: "మా అమ్మ రవణమ్మ చెప్పిన కథ." నాయనగారు అన్నంతసేపు పట్టదు. మిగతా పదకొండు ముగింపులు కావాలంటే అడుగు. అడిగితే చెబుతాను. అడగకుండా రాజును పంపితే ఊరుకోను.

కొత్త పుస్తకం తయారుగా ఉంది. అట్ట మీద ముసలాయన్ని తీయించేశాను. అమ్మ ఫోటో మన దగ్గర లేదు, ఎప్పుడూ ఎవరూ తీయలేదు. ఇంకెవరిదో ముఖం పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. మరి ఏం పెట్టేదని హేమ అడిగితే, అమ్మ పేరే పెట్టమన్నాను. విజయ తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది, హేమ దాన్ని ఫోటో తీసింది. చెప్పినది రవణమ్మ. దాచినది చెంగమ్మ. ఫోన్‌లోకి ఎక్కించినది హేమ. నీ పేరు కూడా పెట్టించాను. విన్నవాడు మునిరత్నం. సగం విన్నవాడని పెట్టమని విజయ నవ్వింది, నేను వద్దన్నాను. నీకు న్యాయంగా రావలసిన భాగం అది, ఒక్క అక్షరం తగ్గించలేదు. ఇంతకు మించి కావాలంటే కుదరదు.

విజయ రాసిన ఆ కాగితం నా చేతికిచ్చింది. ఏది అమ్మ పేరు అని అడిగితే వేలు పెట్టి చూపించింది. అమ్మ పేరు చూడడానికి ఎలా ఉంటుందో ఇంత వయసు వచ్చాక తెలిసింది మునీ. నాలుగు అక్షరాలు, చివర రెండు గుండ్రంగా ఒకదాని కింద ఒకటి. అంతే ఉంది. నేను దాన్ని చూడగలను, చదవలేను. నువ్వు చదవగలవు. నిన్ను బడికి పంపడానికే అమ్మ ఆ చింతపండు కొట్టింది. ఆ కాగితాన్ని ఈ ఉత్తరంలో మడత పెట్టి పంపుతున్నాను. విప్పి పైకి చదువు, సుబ్బమ్మ వినేలా, పిన్నమ్మ వినేలా చదువు. చదివాక కూడా ఆ కథలు నాయనవే అనడానికి నీకు నోరు వస్తే, ఫిర్యాదు అలాగే ఉంచుకో.

పిన్నమ్మకు నా దండాలు చెప్పి, ఆమె దీవెనలు నాకూ హేమకూ కావాలన్నానని చెప్పు. సుబ్బమ్మకు, పిల్లలకు నా ఆశీస్సులు. నీకు కూడా. మేం బాగానే ఉన్నాం, బెంగ వద్దు. మోకాలికి నూనె మానవద్దు.

నిన్ను ఎత్తుకుని పెంచిన అక్క
చెంగమ్మ, వేలిముద్ర (ఎడమ చేతి బొటనవేలు)

పైదంతా ఆమె చెప్పగా రాసి, చదివి వినిపించినది: విజయ

సాక్షులు:
కస్తూరి, కూతురు (అరవంలో సంతకం)
డి. హేమ, మనవరాలు (అరవంలో సంతకం, దాని కింద తెలుగులో మొదటిసారి, విజయ చూపించగా దిద్దినది: హేమ)